చిటికెన వేలి తిమ్మిరి

1896 ఏప్రిల్ 19న పారిస్ శివారు నుంచి ఉత్తర ఫ్రాన్సులోని రూబే అనే మిల్లుల ఊరికి మొదటిసారి సైకిలు పందెం జరిగింది. దూరం 280 కిలోమీటర్లు. దారిలో పెద్ద భాగం రాళ్లు పరిచిన రోడ్డు. జర్మనీకి చెందిన యోజెఫ్ ఫిషర్ తొమ్మిది గంటల పైచిలుకు తొక్కి గెలిచాడు. అదే ఏడాది లియాన్ నగరంలో ఏతియెన్ దెస్తో అనే డాక్టరు ఒక వైద్యపత్రికలో రెండు పేజీల వ్యాసం ప్రచురించాడు. సైకిలు తొక్కడం వల్ల చేతిలో అల్నార్ నరం చచ్చుబడుతోందన్నది దాని విషయం. పందెం ఇప్పటికీ ఏటా జరుగుతోంది, దాని పేరు సైకిలు లోకమంతటికీ తెలుసు. వ్యాసం మాత్రం వైద్యుల అలమరాల్లోనే ఉండిపోయింది. కానీ వంగిన హ్యాండిల్ ఉన్న రోడ్ సైకిలు నాలుగైదు గంటలు తొక్కి దిగి, చిటికెన వేలికి స్పర్శ లేదేమిటా అని చెయ్యి విదిలించుకున్న ప్రతి మనిషీ దెస్తో రాసిన రెండు పేజీల్లోని మనిషే.

ఆ బాధకు ఒక వరుస ఉంది. ముందు చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. తర్వాత దాని పక్కనున్న ఉంగరపు వేలు, అదీ చిటికెన వేలి వైపు సగమే. చెయ్యి మార్చి పట్టుకుంటే కాసేపు పోతుంది, మళ్లీ వస్తుంది. గంటలు గడిచేకొద్దీ పోవడం తగ్గి రావడం ఎక్కువవుతుంది. మరుసటి పొద్దున అసలు సంగతి బయటపడుతుంది. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి వేళ్లు వంగవు. తాళంచెవి తిప్పుదామంటే బొటనవేలికి పట్టు చిక్కదు. అన్నం కలుపుకుంటుంటే మెతుకు తగులుతున్నదో లేదో తెలియదు. నొప్పి ఉంటే మనిషి జాగ్రత్తపడతాడు. ఇక్కడ నొప్పి కంటే ముందు మొద్దుబారడం వస్తుంది గనక చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు.

నరం దారి తెలిస్తే ఈ వరుస ఎందుకో అర్థమవుతుంది. మోచేతి లోపలివైపు ఎముక దేనికైనా తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా, అదే అల్నార్ నరం. ముంజేతి గుండా దిగి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపున రెండు చిన్న ఎముకల మధ్య ఇరుకు సందులోంచి అరచేతిలోకి వెళ్తుంది. ఆ సందును 1861లో వర్ణించినవాడు ఫెలిక్స్ గుయోన్. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్న సర్జన్. ఆయన జీవితమంతా పనిచేసింది మూత్రకోశ వ్యాధుల మీద. అయినా చేతి వైద్యులు ఇప్పటికీ ఆ సందును గుయోన్ కాలువ అనే పిలుస్తారు. మణికట్టు మధ్యలో నడిచే మరో నరానికి పైన గట్టి పట్టీ ఒకటి కాపు ఉంటుంది. గుయోన్ కాలువలోని నరానికి అంత కాపు లేదు. దాని మీద పల్చటి పొర, కాస్త కొవ్వు, చర్మం, అంతే. హ్యాండిల్ మీద వాలినప్పుడు ఒంటి బరువు ఆనేది సరిగ్గా అరచేతి ఆ మూలనే. తోటకు నీళ్లు పెట్టే పైపు మీద కాలేసి నిలబడితే అవతల ధార సన్నబడినట్టు, ఒత్తిడి కింద నరం కబుర్లు మోయడం తగ్గిస్తుంది.

దెస్తోకు మణికట్టు మీద ఇంత శ్రద్ధ కలగడంలో ఆశ్చర్యం లేదు. రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టిన కొద్ది నెలలకే లియాన్‌లో ఆ పని మొదలుపెట్టినవాడు ఆయనే. మణికట్టు దెబ్బల మీద ఎక్స్‌రేలతో ఆయన చేసిన పని, 1918లో ఆయన పోయిన తర్వాత, 1923లో పుస్తకంగా వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ నరం కనిపించదు. సైక్లిస్టు చెయ్యి మటుకు రోగి చెప్పింది విని, వేళ్లు పట్టి చూసి తేల్చుకోవలసిందే.

ఆ పట్టి చూసే పద్ధతుల్లో గొప్పదీ లియాన్ మనిషి నుంచే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో నరాలు తెగిన సైనికులను చూసిన జూల్ ఫ్రొమాన్ అనే డాక్టరు 1915లో ఒక సులువైన పరీక్ష చెప్పాడు. ఒక వార్తాపత్రిక తీసుకుని, రెండు అంచులను రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య ఇరికించి బయటికి లాగమనాలి. బాగున్న చేతిలో బొటనవేలు తిన్నగా ఉండి కాగితాన్ని అదిమి పట్టుకుంటుంది. అల్నార్ నరం దెబ్బతిన్న చేతిలో అలా అదిమే కండరానికి బలం చాలదు. అందుకని బొటనవేలు కొసకణుపు దగ్గర టక్కున మడుచుకుంటుంది, మరో నరం నడిపే కండరం సాయానికి వచ్చి. చూడ్డానికి చిన్న తేడా. పరికరం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. వందేళ్లు దాటిన ఆ పరీక్షను ఆర్థోపెడిక్ వైద్యులు ఇవాళ్టికీ చేస్తున్నారు.

ఇంతకీ సైకిలు మొదట్నుంచీ చేతిని ఇలా బాధపెట్టిందా అంటే, లేదు. చరిత్రలో అందరూ దాటేసే సంగతి ఇదే.

సైకిలుకు ముత్తాత అనదగ్గ యంత్రాన్ని కార్ల్ ఫాన్ డ్రైస్ 1817 జూన్ 12న మన్‌హైమ్ నుంచి ష్వెట్జింగెన్ దారిలో నడిపి చూపించాడు. రెండు చక్రాలు, మధ్యలో సీటు, పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. రానూ పోనూ 14 కిలోమీటర్లు గంటలోపే వెళ్లాడు. ఆ బండి ముందు భాగంలో మెత్త వేసిన అడ్డపలక ఒకటి ఉండేది. రెండు ముంజేతులూ దాని మీద ఆనించి, చేతులతో చక్రం తిప్పే కర్రను ఊరికే పట్టుకోవాలి. అంటే బరువు పలక మీద, దారి చూపడం చేతి పని. 1819లో లండన్‌లో డెనిస్ జాన్సన్ అమ్మిన యంత్రాలకూ అలాంటి ఆనుడు పలక ఉంది. పుట్టినప్పుడు ఈ బండికి మోసే పనీ నడిపే పనీ వేరువేరుగా ఉండాలన్న తెలివి ఉంది. ఆ తర్వాత దాదాపు నూట డెబ్బై ఏళ్లు అది కనిపించకుండా పోయింది.

1860లలో పారిస్‌లో మిషో కుటుంబం ముందు చక్రానికి పెడళ్లు బిగించి అమ్మిన బండిలో ఆ పలక లేదు. దాని బదులు అడ్డంగా ఇనుప కడ్డీ, రెండు కొసల్లో పిడులు. ఆ కడ్డీనే మెలితిప్పితే దానికి చుట్టిన తాడు బిగిసి వెనక చక్రం మీద బ్రేకు పడేది. పట్టుకోవడం, తిప్పడం, ఆపడం మూడూ అరచేతి మీదే పడ్డాయి. చక్రాలు కర్రవి, చుట్టూ ఇనుప పట్టా. ఎముకలు కదిలించే బండి అని ఇంగ్లండులో జనం పేరు పెట్టారు. 1869 నవంబరులో పారిస్ నుంచి రువాన్ దాకా సుమారు 123 కిలోమీటర్ల పందెంలో గెలిచిన జేమ్స్ మూర్‌కు పదిన్నర గంటలు దాటింది. అన్ని గంటలు ఆ కాలపు బండి అదురును చేతులతో పట్టుకోవడం ఎలాంటిదో ఇప్పటి రోడ్ల మీద తొక్కేవాళ్లకు ఊహకందదు.

తర్వాత వచ్చిన పెద్ద చక్రం సైకిళ్లకు గట్టి రబ్బరు టైర్లు అమరాయి. పడితే తలకిందులుగా పడాల్సిందే, మణికట్లు విరిగేవి. అయితే తొక్కుతున్నంతసేపూ చేతుల మీద ఆనుడు తక్కువ. మనిషి చక్రం నెత్తిన నిటారుగా కూర్చుంటాడు, హ్యాండిల్ తొడల దగ్గరే ఉంటుంది, దాన్ని పట్టి లాగుతాడే గానీ దాని మీద వాలడు. థామస్ స్టీవెన్స్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 1886 డిసెంబరులో యొకొహామా చేరింది అలాంటి సైకిలు మీదే. లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు ఆ ప్రయాణంలో భాగం.

1885 ఒక మలుపు. కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చాడు. రెండు దాదాపు సమాన చక్రాలు, వెనక చక్రానికి గొలుసు. అదే ఏడాది విప్పెట్ అనే మరో ఇంగ్లీషు సైకిలు వచ్చింది. దానికి సీటూ హ్యాండిలూ పెడళ్లూ కలిపి ఒక చట్రంగా చేసి, స్ప్రింగు మీద వేలాడదీశారు. గుంతలో చక్రాలు ఎగిరినా మనిషి ఎగరడు. మంచి ఆలోచన. కానీ దాని ఆయుష్షు తక్కువే, ఎందుకంటే 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బోయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. 1889 మే 18న అదే ఊళ్లో విల్లీ హ్యూమ్ అనే కుర్రాడు గాలి టైర్లతో పందేలన్నీ ఎగరేసుకుపోయాక స్ప్రింగుల గోల ఎవరికీ పట్టలేదు.

గాలి టైరు వచ్చి అదురు తగ్గింది. మరి ఏడేళ్లకే దెస్తోకు ఆ వ్యాసం రాయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? అదురు తగ్గగానే వేగం పెరిగింది. వేగం పెరిగేసరికి ఎదురుగాలి శత్రువైంది. పందెంవేగంలో సైక్లిస్టు బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. గాలికి ఛాతీ అడ్డం పెట్టకూడదంటే వంగాలి, వంగడానికి హ్యాండిల్ దిగాలి. 1890లలో పందెగాళ్ల హ్యాండిళ్లు సీటు కంటే కిందికి జారి, కొసలు మేకపోతు కొమ్ముల్లా వంకర తిరిగాయి. వాళ్లను చూసి ఊళ్లో కుర్రకారూ అలాగే బిగించుకున్నారు. ఇలా వంగి తొక్కితే వెన్ను శాశ్వతంగా గూనవుతుందని అప్పటి పత్రికల్లో వైద్యులు బెదిరించారు. అందరూ వీపునే చూశారు. వీపు వంగినప్పుడు సీటు మీది బరువులో కొంత ఎక్కడికి పోతుందన్నది దెస్తో చూశాడు. నడుం నుంచి ముందుకు వంగిన ఒళ్లు, చాచిన మోచేతుల గుండా దిగి, అరచేతి మూల మీద, గుయోన్ వర్ణించిన సందు మీద ఆగుతుంది.

చేతి తిమ్మిరి రోడ్డు తెచ్చిన జబ్బు కంటే భంగిమ తెచ్చిన జబ్బు. ఇనుప చక్రాల కాలంలో కంటే మెత్తటి టైర్ల కాలంలో వైద్యుల కంట పడింది. అయినా తర్వాతి వందేళ్లలో మందంతా చేతికే పూశారు.

వంకర హ్యాండిల్‌ను అన్యాయంగా నిందించకూడదు. అది కష్టం తెచ్చింది, కష్టానికి విరుగుడూ తనలోనే పెట్టుకుంది. దాని మీద చెయ్యి పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. పైన అడ్డంగా ఉన్న భాగం, బ్రేకుల దగ్గరి మలుపు, కింది వంపు. పది నిమిషాలకోసారి మారుస్తూ పోతే ఒకే చోట ఒత్తిడి నిలవదు. ఫ్రాన్సులో దూరప్రయాణాల సైక్లిస్టులు దీన్ని బాగా పట్టుకున్నారు. లియాన్‌కు దగ్గర్లోనే సెంతెత్యెన్‌లో వెలోసియో అనే కలంపేరుతో పత్రిక నడిపిన పోల్ ద వివీ (1853–1930) పందెగాళ్ల అలవాట్లను మామూలు మనిషి మీద రుద్దవద్దని జీవితాంతం వాదించాడు. ఆ సంప్రదాయంలో తయారైన హ్యాండిళ్లు ముందు కాస్త పైకి లేచి, పక్కలకు విచ్చుకుని, తర్వాతే కిందికి వంగుతాయి. అరచేతి మూల తేలిగ్గా ఆనేలా ఉంటాయి. లావు టైర్లూ వాళ్ల ఇష్టమే.

పందెం సైకిళ్ల హ్యాండిళ్ల మీద మాత్రం చాలాకాలం పల్చటి నూలు పట్టీయే చుట్టారు. చెమటకు జారకుండా ఉండటమే దాని పని, మెత్తదనం నామమాత్రం. కొందరు దాని మీద లక్క పూత పూసి గట్టిపరిచేవారు. 1970లలో మెరిసే ప్లాస్టిక్ పట్టీలు ఫ్యాషనయ్యాయి, చూపుకు అందం, చేతికి నిప్పచ్చరం. 1980లలో మిలాన్‌లోని చినెల్లీ సంస్థ బెండు పొడి కలిపిన మెత్తటి పట్టీ తెచ్చాక గానీ అరచేతికి పట్టుకోదగ్గ మెత్త దొరకలేదు. ఇప్పుడు దాదాపు అందరూ చుట్టేది దాని వంశంలోని పట్టీలే.

ఆ చుట్టడంలో ఉన్న పనితనం దగ్గర్నుంచి చూడదగ్గది. మెకానిక్ కింది వంపు కొస దగ్గర మొదలుపెడతాడు. పట్టీ సగం లోపలికి మడిచేంత మిగిల్చి, ఒక్కో చుట్టూ కింది చుట్టు మీద మూడోవంతు ఎక్కేలా, ప్రతి చుట్టుకూ గట్టిగా లాగుతూ పైకి వస్తాడు. కింది నుంచి పైకి చుడితే అతుకుల అంచులు కిందికి తిరిగి ఉంటాయి. తొక్కేవాడి అరచేయి కిందికి నెట్టినా అంచు లేవదు. పై నుంచి కిందికి చుడితే వారం తిరక్కుండా ప్రతి అంచూ చుట్టుకుపోయి చేతికి గుచ్చుకుంటుంది. బ్రేకు పిడి దగ్గర ఖాళీ మిగలకుండా చిన్న ముక్క అడ్డం పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి దాటిస్తాడు. వంపు లోపలివైపు చుట్లు దగ్గరపడతాయి, వెలుపలివైపు దూరమవుతాయి. ఆ వెలుపలివైపు లోహం తొంగిచూడకుండా లాగడంలోనే చేతివాటం తెలిసేది. చేతుల తిమ్మిరి ఎక్కువున్నవాళ్లకు పట్టీ కింద అరచేయి ఆనే చోట జెల్ ముక్కలు పెట్టి పైన చుడతారు.

గ్లవ్స్ కథ వేరు. వేళ్ల కొసలు లేకుండా, అరచేతి వైపు తోలు, వెనక అల్లిన నూలు ఉండే పాతకాలపు గ్లవ్స్ మొదట్లో అదురు కోసం వేసుకున్నవి కావు. పడినప్పుడు అరచేతి చర్మం ఊడకుండా కాపాడతాయి. ఇంకో ఉపయోగమూ ఉండేది. గాజుపెంకులున్న చోటు దాటగానే పందెగాడు తిరుగుతున్న టైరు మీద తోలు అరచేయి ఆనించి, గుచ్చుకోబోయే పెంకును తుడిచేసేవాడు. మెత్త, జెల్ వచ్చింది తర్వాతే. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేతికీ హ్యాండిల్‌కూ మధ్య ఒత్తిడి కొలిచి 2011లో ప్రచురించిన ఫలితాల్లో, హ్యాండిల్ కింది వంపును పట్టుకున్నప్పుడే చిటికెన వేలి వైపు ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువని తేలింది. మెత్త ఉన్న గ్లవ్స్ ఆ ఒత్తిడిని తగ్గించాయి. అయితే మెత్త ఎంత లావైతే అంత మేలన్న మాట నిలబడలేదు. 5 మిల్లీమీటర్ల మెత్త కంటే 3 మిల్లీమీటర్లది ఏమీ తీసిపోలేదు. దుకాణంలో లావుపాటి గ్లవ్స్ నొక్కి చూసి కొనేవాళ్లకు ఇది తెలియాలి.

చేతి భంగిమను నిజంగా మార్చిన సంగతి చేతి కోసం చేసింది కాదు. 1990లో జపాన్‌కు చెందిన షిమానో గేర్లు మార్చే మీటను బ్రేకు పిడిలోనే కలిపేసింది, రెండేళ్లకు ఇటలీవాళ్ల కంపాగ్నోలో కూడా. లోపల యంత్రం పెట్టాల్సి రావడంతో బ్రేకు పిడులు పెద్దవై, రబ్బరు తొడుగుతో చేతినిండా పట్టుకునేలా తయారయ్యాయి. గేరూ బ్రేకూ అక్కడే ఉన్నాయి కాబట్టి సైక్లిస్టులు ప్రయాణంలో ఎక్కువ భాగం అక్కడే చేతులు పెట్టి తొక్కుతున్నారు. కింది వంపు కంటే అది మేలే. చేతులు మార్చే అలవాటు మాత్రం తగ్గింది. ఒక్క చోటే గంటలకొద్దీ ఆనించడం మళ్లీ వచ్చింది.

రూబే పందెం దగ్గరికి వస్తే, 1896లో రాళ్ల రోడ్డు వింత కాదు, ఆ కాలపు రోడ్లే అవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వరుసగా తారు పడుతుంటే, నిర్వాహకులు మిగిలిన రాళ్ల బాటల్ని వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. ఆరెన్‌బెర్గ్ అడవిలోని బాటను 1968లో పందెంలో చేర్చడానికి కారకుడు జాఁ స్తాబ్లిన్‌స్కీ. ఆ నేల కిందే గనిలో పనిచేసి తర్వాత ప్రపంచ చాంపియనైన సైక్లిస్టు. అక్కడ రాయికీ రాయికీ మధ్య వేళ్లు దూరేంత సందులు. మామూలు పందేల్లో ఎప్పుడూ చేతులకు ఏమీ కానివాళ్లకూ అక్కడ బొబ్బలెక్కి పగులుతాయి. పట్టీ రెండు పొరలు చుట్టడం మెకానిక్‌ల ఆనవాయితీ. 1992లో 37 ఏళ్ల జిల్‌బేర్ ద్యుక్లో-లసాల్ కొండదారుల సైకిళ్ల నుంచి తెచ్చిన స్ప్రింగు ఫోర్కు ముందు చక్రానికి బిగించి గెలిచాడు. మరుసటేడు మళ్లీ గెలిచాడు, ఫ్రాంకో బల్లెరీనీ కంటే కొద్ది సెంటీమీటర్ల ముందు. విప్పెట్ ఆలోచన నూరేళ్లకు మళ్లీ రోడ్డెక్కింది. బరువు ఎక్కువన్న కారణంతో ఆ ఫోర్కులు నాలుగైదేళ్లలో మాయమయ్యాయి. 2016లో హ్యాండిల్ కింద చిన్న స్ప్రింగు దాచిన రోడ్ సైకిళ్లు అమ్మకానికి వచ్చాయి. అదే ఆలోచన మూడోసారి.

రూబేకు ఆడవాళ్ల పందెం మొదటిసారి జరిగింది 2021 అక్టోబరు 2న. తడి, బురద. లిజ్జీ డైగ్నన్ ఇంకా 82 కిలోమీటర్లు ఉండగానే అందరినీ వదిలి ఒంటరిగా వెళ్లి గెలిచింది. గ్లవ్స్ వేసుకోలేదు. గెలిచాక చూస్తే హ్యాండిల్ పట్టీ మీద నెత్తురు మరకలు, అరచేతులు పగిలిపోయాయి. హ్యాండిల్ నేరుగా చేతికి తెలియాలని గ్లవ్స్ వదిలేసే పందెగాళ్లు చాలామందే. ఆ తెగువకు దండం పెట్టాల్సిందే, అనుసరించాల్సిన పని లేదు. ఆమెది మూడు గంటల పని. నరం విషయంలో అసలు ప్రమాదం పగిలిన చర్మంలో లేదు, రోజుల తరబడి నిలిచే ఒత్తిడిలో ఉంది.

అలా రోజుల తరబడి తొక్కేవాళ్లే పాత పరిష్కారాన్ని తిరిగి కనుక్కున్నారు. 1982లో అమెరికాను ఒక తీరం నుంచి ఇంకో తీరానికి ఆగకుండా దాటే పందెం నలుగురితో మొదలైంది. మూడు వేల మైళ్లు, ఎనిమిది తొమ్మిది రోజులు, నిద్ర నామకార్థం. చేతులు పూర్తిగా చచ్చుబడి గేరు మార్చలేకపోవడం ఆ పందెంలో మామూలు సంగతి. 1986లో పీట్ పెన్సేరెస్ తన హ్యాండిల్ మీద ముంజేతులు ఆనించుకునే సొంత అమరిక ఒకటి బిగించుకుని, 8 రోజుల 9 గంటల 47 నిమిషాల్లో పందెం ముగించాడు. ఆ సగటు వేగాన్ని 2013 దాకా ఎవరూ దాటలేదు. బరువు ముంజేతుల మీద, దారి చూపడం చేతి పని. 1817లో డ్రైస్ పలక చెప్పినది అదే.

స్కీయింగ్ కోచ్‌గా పనిచేసిన బూన్ లెన్నన్ రూపొందించిన అలాంటి హ్యాండిల్‌తోనే గ్రెగ్ లెమాండ్ 1989 జులై 23న చరిత్ర సృష్టించాడు. టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాలి. లోరాఁ ఫిన్యోఁ కంటే 50 సెకన్లు వెనకబడి ఉన్నవాడు 8 సెకన్ల తేడాతో మొత్తం టూర్ గెలిచాడు. అప్పట్నుంచి లోకమంతా ఆ హ్యాండిల్‌ను వేగం కోసమే గుర్తుపెట్టుకుంది. చేతికి ఇచ్చే విశ్రాంతి మాట మరుగున పడింది. గుంపుగా వెళ్లే పందేల్లో మాత్రం బ్రేకుకు చెయ్యి దూరమై ప్రమాదమని అది నిషిద్ధం. అలాంటి అమరిక లేకుండా మామూలు హ్యాండిల్ మీదే ముంజేతులు ఆనించి తొక్కే పద్ధతినీ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021 ఏప్రిల్ నుంచి రోడ్డు పందేల్లో నిషేధించింది. నిషేధానికి కారణం సబబే. గుంపులో ఒకడు పడితే ఇరవైమంది పడతారు.

తిమ్మిరి ఎంతమందికి వస్తుందో లెక్కగట్టింది 2003లో అమెరికన్ క్రీడావైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. 600 కిలోమీటర్ల ప్రయాణానికి ముందూ తర్వాతా పాతికమంది సైక్లిస్టుల చేతులు పరీక్షిస్తే, 23 మందికి స్పర్శలోనో బలంలోనో రెంటిలోనో తేడా కనిపించింది. కొత్తవాళ్లూ పాతకాపులూ అన్న భేదం లేదు.

600 కిలోమీటర్లన్న అంకె తెలుగు సైక్లిస్టులకు కొత్త కాదు. హైదరాబాద్ ర్యాండనర్స్ వంటి క్లబ్బులు నడిపే 200, 300, 400, 600 వరుసలో చివరిది అదే, 40 గంటల గడువు. నాలుగూ పూర్తిచేస్తే నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు అర్హత. 1891లో షార్ల్ తెరాఁ నిద్ర లేకుండా 72 గంటల్లోపు గెలిచిన 1200 కిలోమీటర్ల దారి అది. ఇక్కడ రోడ్ సైకిలు ఎక్కినవాళ్లలో చాలామంది చిన్నప్పుడు అట్లాస్ లాంటి నిటారు సైకిలు తొక్కినవాళ్లు. ఆ సైకిలు మీద పాలక్యాన్లు మోసినా, బస్తా కట్టినా చిటికెన వేలు మొద్దుబారిందని ఎవరూ పెద్దగా అనలేదు. బరువంతా స్ప్రింగుల సీటు మీద ఉండేది, హ్యాండిల్ ఛాతీ దగ్గరికి వచ్చేది. అందుకే కొత్త సైకిలు మీద తిమ్మిరి రాగానే వాళ్ల అనుమానం రోడ్డు మీదికో గ్లవ్స్ మీదికో పోతుంది.

సైకిలును మనిషి ఒంటికి సరిపడా అమర్చే, బాగా పని తెలిసిన ఫిట్టర్ ముందు గ్లవ్స్ అడగడు. సీటు చూస్తాడు. సీటు మూతి కిందికి వాలి ఉంటే మనిషి ముందుకు జారి, జారకుండా చేతులతో తోసుకుంటూ తొక్కుతాడు. దాన్ని సమంగా చేస్తేనే చాలామందికి సగం బాధ తీరుతుంది. తర్వాత హ్యాండిల్ ఎంత దూరంలో, ఎంత కిందికి ఉందో చూస్తాడు. మోచేతులు కర్రల్లా బిగిసి ఉన్నాయా, మణికట్టు వెనక్కి విరిగి ఉందా అన్నది తొక్కించి చూస్తాడు. టైర్లలో గాలి చూస్తాడు. పాతికేళ్ల కిందట 23 మిల్లీమీటర్ల టైర్లకు రాయిలా అయ్యేదాకా గాలి కొట్టడమే వేగమనుకున్నారు. ఇప్పుడు పందెగాళ్లే 28, 30 మిల్లీమీటర్లకు వచ్చి, గాలి తగ్గించి, వేగం పోలేదని తేల్చుకున్నారు. వెలోసియో శిష్యులు అనుసరించిన మార్గమిది. ఇవన్నీ అయ్యాక పట్టీ, ఆ తర్వాత గ్లవ్స్.

ఒకవేళ తిమ్మిరి వచ్చేసిందంటే చాలామందికి కొద్ది రోజుల్లో, కొందరికి కొన్ని వారాల్లో పోతుంది, ఆ మధ్యలో మళ్లీ అదే సైకిలు అదే అమరికతో తొక్కకపోతే. ఎన్ని రోజులకూ తగ్గకపోయినా, పేపరు పరీక్షలో బొటనవేలు మడుచుకున్నా నరాల పరీక్ష చేయించాలి. మెడలోని నరం నొక్కుకుపోయినా అవే వేళ్లు తిమ్మిరెక్కుతాయి కాబట్టి డాక్టరుకు ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. సైకిలు మీద చేతులు ఎక్కడ ఆనించి, ఎన్ని గంటలు తొక్కిందీ చెబితే, చిక్కు మెడలోనా మణికట్టులోనా అని తేల్చడం ఆయనకు సులువవుతుంది. తర్వాతి పారిస్–బ్రెస్ట్–పారిస్ 2027లో. దానికి తయారయ్యేవాళ్లు ఆలోపు 200 కిలోమీటర్ల ప్రయాణంలోనే సీటూ హ్యాండిలూ సరిచూసుకుంటే మంచిది. 600కు బయల్దేరాక దారిలో ఆ పని చేసుకోవడానికి వేళ్లకు స్క్రూ తిప్పే బలమే ఉండకపోవచ్చు.